మూడు గడువుల మధ్య ఒక నామినేషన్: సస్కాచెవాన్‌లో ఆటోనగర్ మెకానిక్ కేసు

క్లయింటు వయసు 44. పదో తరగతి, ఆ తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్. విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డులో పని నేర్చుకున్నారు. 2016లో దుబాయ్ వెళ్లి ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ వర్క్‌షాపులో ఏడేళ్లు చేశారు. 2023 అక్టోబరులో రెండేళ్ల క్లోజ్డ్ వర్క్ పర్మిట్ (ఒకే యజమాని దగ్గర పనిచేసే అనుమతి) మీద కెనడా ప్రావిన్స్ సస్కాచెవాన్‌లోని ఒక చిన్న ఊళ్లో ట్రక్ రిపేర్ షాపుకి వచ్చారు. భార్య, బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఉన్న కూతురు, పదహారేళ్ల కొడుకు విజయవాడలోనే ఉన్నారు. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేరు రాయను, ఆనవాళ్లు తెలిసే వివరాలు కొన్ని మార్చాను.

కుటుంబంతో సహా పీఆర్, అంటే కెనడాలో శాశ్వత నివాస హక్కు, కావాలని 2024 నవంబరులో ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "సార్, నాకు ఎన్ని పాయింట్లు వస్తాయి?"

దాదాపు అందరూ అడిగేది ఇదే. వయసు, చదువు, భాషకి పాయింట్లు వేసి పిలిచే ఫెడరల్ పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పుణ్యమా అని కెనడా అంటే పాయింట్లే అన్న అభిప్రాయం మనవాళ్లలో పాతుకుపోయింది. ఈ కేసులో పాయింట్లతో పనే లేదు. 44 ఏళ్ల వయసుకి, పదో తరగతి ప్లస్ ఐటీఐ చదువుకి, మామూలు ఇంగ్లీషుకి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లెక్కలో చెప్పుకోదగ్గ స్కోరు రాదు. ఆయనకి ఉన్న దారి ప్రావిన్షియల్ నామినీ ప్రోగ్రామ్ (పీఎన్‌పీ), అంటే ముందు ప్రావిన్స్ నామినేట్ చేస్తే దాని మీద ఫెడరల్ ప్రభుత్వం పీఆర్ ఇచ్చే పద్ధతి. అందులోనూ సస్కాచెవాన్‌వారి ఎస్‌ఐఎన్‌పీలో, ఇప్పటికే వర్క్ పర్మిట్ మీద అక్కడ పనిచేస్తున్నవాళ్ల కోసం పెట్టిన కేటగిరీ. బయటి దేశాల నుంచి నేరుగా దరఖాస్తు చేసే స్కిల్డ్ వర్కర్లకి 110కి 60 పాయింట్లు రావాలి. ఈ కేటగిరీకి ఆ పట్టికే లేదు. అదే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఫుల్‌టైమ్ పని చేసి ఉండాలి. ఆ యజమాని పర్మనెంట్ జాబ్ ఆఫర్ ఇవ్వాలి. ఇంగ్లీషులో కెనడా భాషా కొలమానం సీఎల్‌బీ 4 ఉండాలి. పని టీర్ (పనికి కావాల్సిన చదువు, శిక్షణని బట్టి కెనడా ఇచ్చే స్థాయి) 0 నుంచి 3 లోపు గానీ, ఆ ప్రావిన్స్ గుర్తించిన ట్రేడ్ గానీ కావాలి. ట్రక్ మెకానిక్ కోడ్ 72410, అది టీర్ 2. అర్హత విషయంలో తిరకాసు ఏమీ లేదు.

తిరకాసంతా తేదీల్లోనే ఉంది. ఒకటి, ఆయన వర్క్ పర్మిట్ 2025 అక్టోబరులో అయిపోతుంది. రెండు, ప్రావిన్స్ కోటా. ఫెడరల్ ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రణాళికలో పీఎన్‌పీ లక్ష్యాన్ని 1,10,000 నుంచి 2025కి 55,000కి కోసేసింది. మూడోది ఆయనకి తట్టనే లేదు. అది కూతురి వయసు.

కూతురి పుట్టిన తేదీ

తల్లిదండ్రుల ఫైలులోనే పీఆర్ పొందాలంటే పిల్లలు కెనడా లెక్కలో డిపెండెంట్ కావాలి, అంటే 22 ఏళ్లు నిండకూడదు, పెళ్లి అయి ఉండకూడదు. 2017 అక్టోబరు దాకా ఆ హద్దు 19. వయసుని ఏ రోజున లెక్కిస్తారనేదే అసలు ప్రశ్న. పీఎన్‌పీలో నామినేషన్ కోసం ప్రావిన్స్‌కి దరఖాస్తు పెట్టిన రోజున పిల్లల వయసు లాక్ అవుతుంది. ఆ తర్వాత ఫెడరల్ ఫైలు ఏడాది పట్టినా రెండేళ్లు పట్టినా ఆ వయసే లెక్క. ఇది తెలియక, పీఆర్ దరఖాస్తు పెట్టినప్పుడే వయసు చూస్తారనుకుని ఆశ వదిలేసుకున్న తల్లిదండ్రులని చూశాను. "నామినేషన్ వచ్చాక చూద్దాంలే" అనుకుని, ప్రావిన్స్‌కి పెట్టాల్సిన కాగితాల దగ్గరే నెలలు నెలలు నానబెట్టినవాళ్లనీ చూశాను.

పాస్‌పోర్టు ప్రకారం ఆ అమ్మాయి పుట్టింది 2003 జులై మొదటి వారంలో. అంటే ఫైలు 2025 జులై లోపు ప్రావిన్స్‌కి చేరాలి. ఆ మాట చెప్పగానే ఆయన నవ్వారు. "సార్, అది స్కూల్లో వేసిన డేటు. అమ్మాయి పుట్టింది 2004 మార్చిలో."

మన దగ్గర ఇదేం వింత కాదు. జూన్‌లో బడి తెరిచేసరికి వయసు సరిపోవాలని హెడ్మాస్టరు ఒక తేదీ వేస్తారు, అదే పదో తరగతి మెమో మీదకి ఎక్కుతుంది, ఇక జీవితమంతా అదే పుట్టినరోజు. 2016 డిసెంబరు నుంచి ఆ అమ్మాయి ఈడువాళ్లకి పాస్‌పోర్టుకి పదో తరగతి మెమో కూడా పుట్టిన తేదీ రుజువుగా చెల్లుతోంది కాబట్టి ఈ అమ్మాయి పాస్‌పోర్టులోకీ అదే వెళ్లింది. మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధృవపత్రంలో మాత్రం 2004 మార్చి అని ఉంది. అందులో పిల్ల పేరు గడి ఖాళీ. తల్లి పేరు, తండ్రి పేరు, ఆసుపత్రి ఉన్నాయి, అంతే.

ఆయన ఆలోచన సూటిగా ఉంది. జనన ధృవపత్రం చూపించి పాస్‌పోర్టులో తేదీ మార్పిస్తే ఎనిమిది నెలలు కలిసొస్తాయి. పైగా అది అబద్ధం కూడా కాదు, నిజమైన తేదీయే.

నేను వద్దన్నాను. ఆయనకి అది నచ్చలేదు. కారణం ఇది: 2023లో వర్క్ పర్మిట్ కోసం పెట్టిన కుటుంబ వివరాల ఫారంలో కూతురి పుట్టిన తేదీ 2003 జులై అని రాసి ఉంది. అది ఇప్పటికే కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ రికార్డులో ఉంది. మెమో, ఇంటర్ సర్టిఫికెట్, బీటెక్ కాగితాలు, ఆధార్ అన్నీ అదే తేదీ చెబుతున్నాయి. ఇప్పుడు, సరిగ్గా 22 నిండబోయే ముందు పాస్‌పోర్టులో తేదీ 2004కి మారిందంటే చూసే ఆఫీసరు ఏమనుకుంటారు? నిజం మన వైపే ఉన్నా కాగితం మీద అది అవసరానికి అల్లిన కథలా కనిపిస్తుంది. తేదీ మార్చి లాభం పొందిన ఫైలుని అనుమానంగా చూస్తారు. తేదీ వల్ల లాభమూ నష్టమూ లేని ఫైలుని ఎవరూ తవ్వరు.

కాబట్టి కఠినంగా ఉన్న తేదీనే పట్టుకుందామని నిర్ణయించాం. పాస్‌పోర్టు తేదీ ప్రకారం కూడా 22 నిండకముందే ఫైలు చేరితే, రెండు తేదీల్లో ఏది నిజమైనా అమ్మాయి అర్హురాలే. అప్పుడు ఆ తేడా అర్హతకి సంబంధించిన ప్రశ్న కాకుండా, వివరణ ఇస్తే సరిపోయే విషయం అవుతుంది. తల్లిదండ్రుల అఫిడవిట్, బడిలో తేదీ ఎలా పడిందో చెప్పే ఒక పేజీ ఉత్తరం, మెమో, జనన ధృవపత్రం అన్నీ కలిపి పీఆర్ ఫైలులో పెట్టాలని అప్పుడే రాసుకున్నాం.

దీనివల్ల మూడు గడువుల్లో ఏది ముందో తేలిపోయింది. పర్మిట్‌ని పొడిగించుకోవడానికి ఏదో ఒక దారి ఉంటుంది. కోటా ఈ ఏడాది అయిపోతే వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. పుట్టినరోజు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అక్కడి నుంచి ప్రతి నిర్ణయం జులైని చూసే తీసుకున్నాం.

ఇంగ్లీషు

దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సీఎల్‌బీ 4 అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 4.5, రీడింగ్ 3.5, రైటింగ్ 4, స్పీకింగ్ 4. దుబాయ్‌లో ఫిలిప్పీన్స్, పాకిస్తాన్ మెకానిక్‌లతో ఏడేళ్లు మాట్లాడిన మనిషికి స్పీకింగ్ లెక్కే కాదు. చేతిరాత అలవాటు తప్పిపోయింది, రైటింగ్ అంటే టెన్షన్ పడ్డారు. రోజూ పని అయ్యాక ఒక ఉత్తరం రాసి ఫోటో తీసి పంపమన్నాను. షాపు యజమానికి సెలవు ఉత్తరం, ఇంటి ఓనరుకి హీటర్ పనిచేయడం లేదని ఫిర్యాదు, అలాంటివి. జనవరిలో పరీక్ష రాశారు, రైటింగ్‌లో 4.5 వచ్చింది. మిగతావన్నీ అంతకన్నా పైనే.

యజమాని వైపు కాగితాలు

పీఎన్‌పీ వర్కర్ ఫైలులో సగం యజమానిదే. మనవాళ్లు దీన్ని ఎంత తేలిగ్గా తీసుకుంటారంటే, "మా ఓనర్ మంచివాడు, సంతకం పెట్టేస్తాడు" అన్నంత. సంతకం ఒక్కటే సరిపోదు. సస్కాచెవాన్‌లో యజమాని ముందుగా ప్రావిన్స్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, జాబ్ అప్రూవల్ ఫారం పెట్టాలి. దాన్ని ప్రావిన్స్ ఒప్పుకుని జాబ్ అప్రూవల్ లెటర్ ఇస్తేనే వర్కర్ తన దరఖాస్తు పెట్టగలడు. మొదటి మెట్టు యజమాని చేతిలో ఉంది, మన పుట్టినరోజు లెక్క ఆయనకి తెలియదు.

ఈ షాపు యజమాని నిజంగానే మంచి మనిషి. అరవై దాటిన వయసు, తండ్రి పెట్టిన షాపు, నలుగురు పనివాళ్లు. కాగితాలంటే మాత్రం చిరాకు. ఆయన ఆఫీసులో పనిచేసే ఆవిడ పంపిన ఫారం ముసాయిదా చూస్తే రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది.

ఒకటి, వృత్తి కోడ్. విదేశీ వర్కర్‌ని తెచ్చుకోవడానికి యజమాని తీసుకునే ఫెడరల్ అనుమతి ఎల్‌ఎంఐఏలో, పర్మిట్‌లో ఉన్నది 72410. ముసాయిదాలో 72401 అని ఉంది. అది హెవీ డ్యూటీ ఎక్విప్‌మెంట్ మెకానిక్‌ల కోడ్: బుల్‌డోజర్లు, క్రేన్లు, పెద్ద పొలాల్లో తిరిగే యంత్రాలు. లారీలు, ట్రైలర్లు బాగుచేసేవాళ్లు 72410 కిందకి వస్తారు. ఆవిడ "హెవీ" అన్న మాట చూసి ఎంచుకున్నారు. రెండూ టీర్ 2 కాబట్టి అర్హత మారదు. కానీ పర్మిట్ ఒక పనికి, ఆఫర్ ఇంకో పనికి ఉంటే, ఇన్నాళ్లూ ఈయన చేసింది ఏ పని అన్న ప్రశ్న వస్తుంది.

రెండోది ఇంకా చిక్కుది. పే స్టబ్‌ల మీద హోదా "షాప్ లేబరర్" అని వస్తోంది. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ అదే పడుతుందట, ఎవరూ మార్చలేదు. జీతం ఎల్‌ఎంఐఏలో ఉన్నట్టే ఇస్తున్నారు, గంటలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆఫీసరు చూసేది కాగితం. మెకానిక్ అని తెచ్చుకుని ఊడ్చే పని చేయిస్తున్నారేమో అన్న అనుమానానికి ఆ ఒక్క మాట చాలు.

పాత పే స్టబ్‌లు మార్చి ప్రింట్ తీసి ఇస్తామన్నారు ఆవిడ, సాయం చేద్దామనే ఉద్దేశంతో. అది మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పాను. ఇచ్చిన పే స్టబ్ ఇచ్చినట్టే ఉండాలి. ఇక ముందు వచ్చేవాటిలో సరిచేసి, పాతవాటికి కారణం చెబుతూ యజమాని ఉత్తరం ఇవ్వాలి. ఆ ఉత్తరానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? షాపులో ప్రతి బండికీ ఒక వర్క్ ఆర్డర్ ఉంటుంది. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎన్ని గంటలు పట్టింది అన్నీ అందులో ఉంటాయి. నూనె మరకలు పడ్డ ఆ కాగితాలని పెట్టెలోంచి తీయించి నెలకి కొన్ని చొప్పున స్కాన్ చేయించాను. బ్రేక్ చాంబర్ మార్చడం, స్లాక్ అడ్జస్టర్ సరిచేయడం, వీల్ సీల్, కింగ్‌పిన్, టర్బో మార్పిడి, మైనస్ ముప్పైలో గడ్డకట్టిన ఎయిర్ లైన్లు. ప్రతిదాని కిందా ఈయన పొట్టి సంతకం. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ మీద మాత్రం సంతకం యజమానిదే, ఎందుకంటే ట్రేడ్‌లో పూర్తి అర్హత పొందినట్టు ఇచ్చే జర్నీపర్సన్ సర్టిఫికెట్ ఉన్నది ఆయనకే. ఆ సంగతి కూడా ఉత్తరంలో దాచకుండా రాయించాను. సస్కాచెవాన్‌లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటి కొన్ని ట్రేడ్‌లకి సర్టిఫికేషన్ తప్పనిసరి. ట్రక్ మెకానిక్ ఆ జాబితాలో లేదు కాబట్టి అది లేకుండా పని చేయడం తప్పు కాదు.

నా మటుకు నాకు ఆ వర్క్ ఆర్డర్ల ముందు ఏ ఎక్స్‌పీరియన్స్ లెటరూ పనికిరాదు. ఈయన విజయవాడ నుంచి ఒక ఫోల్డర్ తెప్పించుకున్నారు, ఆటోనగర్ షెడ్ల పేరుతో తళతళలాడే లెటర్‌హెడ్ల మీద ఈ మధ్యే కొట్టించిన సర్టిఫికెట్లు. జీతం చేతికిచ్చే షెడ్డుకి ఇరవై ఏళ్ల తర్వాత లెటర్‌హెడ్ పుట్టుకొస్తే దాన్ని ఎవరు నమ్ముతారు? ఈ కేటగిరీకి ఆ అనుభవంతో అవసరమే లేదు. ఫోల్డర్ పక్కన పెట్టేశాం. పీఆర్ ఫారాల్లో పదేళ్ల చరిత్ర ఖాళీ లేకుండా రాయాలి కాబట్టి 2015 నాటి షెడ్డు పని ఒక వరుసలో, ఉన్నది ఉన్నట్టు రాశాం. దానికి సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు.

ఇదంతా సర్దుకునేసరికి ఫిబ్రవరి వచ్చింది. అదే నెలలో కోటా కోత దెబ్బకి ప్రావిన్స్ యజమానుల కొత్త ఫారాలు తీసుకోవడం తాత్కాలికంగా ఆపేసింది. ఆయన రోజూ మెసేజ్ పెట్టేవారు, "తెరిచారా సార్?" అని. 2025 మార్చి 27న కొత్త నిబంధనలు వచ్చాయి. 2024లో 7,250 ఉన్న సస్కాచెవాన్ వాటా 3,625కి పడిపోయింది. నామినేషన్లలో కనీసం 75 శాతం ఇప్పటికే కెనడాలో ఉన్నవాళ్లకే ఇవ్వాలన్నారు. హోటళ్లు-రెస్టారెంట్లు, ట్రకింగ్, రిటైల్ రంగాలకి కలిపి 25 శాతం పరిమితి పెట్టారు.

ట్రకింగ్ అన్న మాట చూడగానే ఆయన గుండె జారిపోయింది. లారీలు నడిపే కంపెనీ వేరు, లారీలు బాగుచేసే షాపు వేరు. ఈ షాపుకి ఒక్క సరుకు లారీ కూడా లేదు. వ్యాపార రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలు అన్నీ రిపేర్ వ్యాపారమనే చెబుతున్నాయి. అయినా ఆ అనుమానానికి తావు ఇవ్వకూడదని యజమాని ఉత్తరంలో వ్యాపార స్వభావం గురించి రెండు వాక్యాలు చేర్పించాను. ఒకవేళ ఈయన ఏదైనా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ సొంత వర్క్‌షాపులో పనిచేస్తూ ఉంటే ఇంత ధైర్యంగా ఉండగలిగేవాణ్ని కాదు. కెనడాలోనే ఉన్న వర్కర్ కావడం, చేతిలో ట్రేడ్ ఉండటం, ఈ రెండూ కొత్త నిబంధనల గాలికి అనుకూలంగానే ఉన్నాయి.

ఏప్రిల్‌లో యజమాని ఫారం వెళ్లింది. మే నెలలో జాబ్ అప్రూవల్ లెటర్ వచ్చింది. జూన్ మొదటి వారంలో వర్కర్ దరఖాస్తు పెట్టేశాం. రసీదు వచ్చిన రోజే దాన్ని పీడీఎఫ్ చేసి వేరే ఫోల్డర్లో దాచాను. వయసు లాక్ అయిందనడానికి రుజువు ఆ ఒక్క కాగితమే.

ఏజెంటు పెట్టిన టిక్కు

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించిన విషయం ఇది. ప్రతి క్లయింటునీ ఒక ప్రశ్న అడుగుతాను: ఇప్పటిదాకా ఏ దేశం వీసాకైనా అప్లై చేశారా, వచ్చినా రాకపోయినా సరే? ఈయన చాలా మామూలుగా చెప్పారు. 2019లో దుబాయ్‌లో ఉండగా అమెరికా విజిటర్ వీసాకి వెళ్లారు, తిరస్కరించారు.

2023 వర్క్ పర్మిట్ ఫారంలో ఆ సంగతి రాశారా అని అడిగితే, "ఆ ఫారం నేను చూడలేదు సార్. ఏజెంట్ నింపాడు" అన్నారు. ఐదు డాలర్ల ఫీజుతో సమాచార హక్కు కింద పాత ఫైలు తెప్పించాను. కెనడా గానీ మరే దేశం గానీ మీకు ఎప్పుడైనా వీసా తిరస్కరించిందా అన్న ప్రశ్నకి "లేదు" అని టిక్కు ఉంది. కింద ఈయన సంతకం.

ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద తప్పుడు సమాచారం తేలితే ఐదేళ్లు కెనడాకి అనర్హులవుతారు. నాకు తెలియకుండా ఏజెంటు చేశాడంటే సాధారణంగా చెల్లదు. దరఖాస్తులో ఉన్నదానికి బాధ్యత దరఖాస్తుదారుదేనని ఫెడరల్ కోర్టు తీర్పుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇక అమెరికా తిరస్కరణ కెనడాకి తెలియదనుకోవడం అమాయకత్వం. రెండు దేశాలూ వేలిముద్రలతో సహా వీసా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆయన తోటి పనివాళ్లలో ఒకరు ఇచ్చిన సలహా: "రెండేళ్లు ఎవరూ అడగలేదుగా, ఇప్పుడెందుకు కెలుక్కోవడం?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ పీఆర్ ఫారంలో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అప్పుడు "లేదు" అంటే ఈసారి తెలిసీ అబద్ధం ఆడినట్టు. "అవును" అంటే పాత ఫారంతో పొంతన కుదరదు. వాళ్లు పట్టుకునేలోపు మనమే చెప్పుకోవడం తప్ప మూడో దారి లేదు. ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం. నామినేషన్ తర్వాత ఐఆర్‌సీసీకి వెళ్లే మొదటి దరఖాస్తు కొత్త వర్క్ పర్మిట్‌ది. అందులోనే "అవును" అని టిక్కు పెట్టి, ఒక ఉత్తరం జతచేయాలని నిర్ణయించాం.

ఆ ఉత్తరం పేజీ దాటకుండా రాశాను. ఏ తేదీన, ఏ వీసా, ఎక్కడ తిరస్కరించారు, పాత ఫారంలో ఎందుకు లేదు, ఇప్పుడు ఎలా తెలిసింది. ఏజెంటుని తిట్టే వాక్యం ఒక్కటీ లేదు. ఆయన ఏజెంటుకి కట్టిన డబ్బు గురించి కూడా విడిగా అడిగాను, అందులో యజమానికి ఏమైనా ముట్టిందా అని. సస్కాచెవాన్ చట్టం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు వర్కర్ దగ్గర డబ్బు తీసుకోవడం నేరం. యజమానికి ముట్టి ఉంటే జాబ్ ఆఫర్ నిజాయితీయే ప్రశ్నార్థకం అవుతుంది, నేను ఈ కేసు పట్టేవాణ్ని కాదు. యజమాని ఒక్క డాలరు తీసుకోలేదు, అలాంటిది జరిగినట్టు కూడా ఆయనకి తెలియదు. ఎల్‌ఎంఐఏలు బజార్లో అమ్ముడుపోతున్నాయనే 2025 మార్చిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ పాయింట్లే తీసేశారు. వాట్సాప్ గ్రూపుల్లో "పీఆర్ గ్యారంటీ" అని వచ్చే ప్రకటనలు మాత్రం తగ్గలేదు. కెనడా దరఖాస్తుకి డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లకి లైసెన్స్ ఉండాలి, కన్సల్టెంట్ అయితే కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. లక్షలు కట్టే ముందు ఆ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

నామినేషన్ తర్వాత

ఆగస్టు చివర్లో నామినేషన్ వచ్చింది. పర్మిట్‌కి ఇంకా కొన్ని వారాలే ఉంది. ఇక్కడ చాలామంది, పీఆర్ వచ్చేలోపు ఎవరి దగ్గరైనా పనిచేసుకునే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్ అడుగుతారు, ఈయనా అడిగారు. నామినేషన్ ఫలానా యజమానికే అని ముడిపడి ఉంటే అది రాదు. దాని బదులు ప్రావిన్స్ ఇచ్చే సపోర్ట్ లెటర్‌తో, కొత్త ఎల్‌ఎంఐఏ అక్కర్లేకుండా, అదే యజమాని పేరు మీద పర్మిట్ తీసుకోవచ్చు. టీ13 అంటాం. సెప్టెంబరులో, పాత పర్మిట్ గడువు ఉండగానే పెట్టాం. అలా పెడితే జవాబు వచ్చేదాకా పాత షరతుల మీదే పని చేసుకోవచ్చు.

ఆ మధ్యలో తండ్రి సంవత్సరీకానికి వెళ్లి వస్తానన్నారు. దేశం దాటి వెళితే, తిరిగొచ్చాక కొత్త పర్మిట్ చేతికి వచ్చేదాకా పని చేసే హక్కు ఉండదు. పైగా రావడానికి వీసా కూడా కావాలి. వెళ్లలేదు. కొడుకు చేత్తో చేయించారు, ఈయన వీడియో కాల్‌లో కూర్చున్నారు.

పర్మిట్ వచ్చింది. ఉత్తరం గురించి ఐఆర్‌సీసీ ఏమీ అడగలేదు. అంతమాత్రాన ఆ విషయం ముగిసిపోయిందని ఆయనకి చెప్పలేదు. పీఆర్ చూసే ఆఫీసరు మళ్లీ ఎత్తవచ్చు. అదే ఉత్తరం, అదే మాటలతో పీఆర్ ఫైలులోనూ పెట్టాం. రెండు చోట్లా కథ ఒకేలా ఉండాలి కదా.

పీఆర్ దరఖాస్తు అక్టోబరులో వెళ్లింది. దంపతులిద్దరికీ తలా 950 ప్రాసెసింగ్, 575 పీఆర్ హక్కు ఫీజు, పిల్లలకి తలా 260, అన్నీ కలిపి 3,570 డాలర్లు. బయోమెట్రిక్స్ వేరు. పోలీస్ సర్టిఫికెట్లు ఇండియావి, దుబాయ్‌వి. అమ్మాయికి 18 దాటింది కాబట్టి తనకీ కావాలి. మెడికల్ కోసం తల్లీపిల్లలు హైదరాబాద్ వెళ్లాలని ముందే చెప్పి ఉంచాను. కూతురి పుట్టిన తేదీ ఫోల్డర్ అనుకున్నట్టే జతచేశాం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడని నామినేషన్ కాబట్టి ఫెడరల్ దగ్గర ఏడాదిన్నరకి పైగా పట్టేలా కనిపించింది.

పెళ్లి సంబంధం

వయసు లాక్ అయిందని చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. వయసు లాక్ అవుతుంది గానీ పెళ్లికాని స్థితి లాక్ అవదు. పీఆర్ చేతికి వచ్చే రోజు దాకా అమ్మాయి అవివాహితగానే ఉండాలి. ఇది మొదటి సమావేశంలోనే చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. అయినా అమ్మాయి బీటెక్ పూర్తై హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరగానే సంబంధాలు రావడం మొదలైంది. మేనత్త గుంటూరు నుంచి మంచి సంబంధం తెచ్చారు. అబ్బాయి వాళ్లు మాఘమాసంలోనే చేసేద్దామన్నారు.

క్లయింటు భార్య నాకు నేరుగా ఫోన్ చేశారు. "పెళ్లి గుళ్లో చేసేద్దామండీ. రిజిస్ట్రేషన్ మాత్రం పీఆర్ వచ్చాక చేయిస్తాం. కాగితం లేకపోతే పెళ్లి కానట్టేగా?"

కాదమ్మా. పెళ్లి ఎక్కడ జరిగితే అక్కడి చట్టం ప్రకారం చెల్లితే కెనడాకీ అది పెళ్లే. హిందూ వివాహ చట్టంలో ఆచారం ప్రకారం, సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో, పెళ్లి పూర్తవుతుంది. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన ఆ పెళ్లి చెల్లకుండా పోదు. ఆ రోజే అమ్మాయి డిపెండెంట్ కాకుండా పోతుంది. దాచి పెట్టి తీసుకొస్తే తప్పుడు సమాచారం కిందకి వస్తుంది, అది మొత్తం కుటుంబం ఫైలునే ముంచవచ్చు. పైగా దాచిన భర్తని రేపు అమ్మాయి స్పాన్సర్ చేయడం కూడా కుదరదు. నిశ్చితార్థం చేసుకోవచ్చు, దాన్ని కెనడా పెళ్లిగా లెక్కించదు.

అమ్మాయి పీఆర్‌తో దిగాక ఇండియా వచ్చి పెళ్లి చేసుకుని, తిరిగి కెనడాలో ఉంటూ భర్తని స్పాన్సర్ చేయవచ్చు. అందుకు వేరే ఫైలు, వేరే ఫీజులు, మళ్లీ ఎదురుచూపు. ఇదంతా అబ్బాయి తరఫువాళ్లకి కూడా అర్థమయ్యేలా తెలుగులో రెండు పేజీలు రాసి ఇమ్మన్నారు ఆవిడ, రాసిచ్చాను. అమ్మాయిని కూడా విడిగా అడిగాను, తనకేం కావాలో. "వెళ్లాకే చేసుకుంటానండీ, అత్తకి చెప్పేశాను కూడా" అంది. అబ్బాయి వాళ్లు నిశ్చితార్థానికి ఒప్పుకుని ఆగుతారో లేదో ఇంకా చెప్పలేదు. ఫైలు ఐఆర్‌సీసీ దగ్గర ఉంది, మెడికల్ పిలుపు కోసం చూస్తున్నాం.